గ్రీకు జ్యోతిషంలో ‘వాటా’ లెక్క: బిందువు కట్టడం నుంచి ఇంటి యజమానిని చదవడం దాకా

“నాకు అదృష్ట బిందువు మకరంలో పడింది. మంచిదా, చెడ్డదా?” ఎక్కువమంది అడిగేది ఈ ప్రశ్నే. ఇంతమాత్రం చెబితే జవాబు రాదు. మకరంలో పడింది సరే, మకరానికి అధిపతి అయిన శని ఎక్కడున్నాడు? అది చెప్పకుండా అడగడం, మా ఇల్లు ఫలానా వీధిలో ఉంది, అద్దె ఎంత వస్తుందో చెప్పండి అన్నట్టుంటుంది.

లగ్నం (పుట్టిన వేళ తూర్పున ఉదయిస్తున్న డిగ్రీ), సూర్యుడు, చంద్రుడు ఉన్న చోట్ల నుంచి లెక్కకట్టే ఈ బిందువు పేరు గ్రీకులో క్లేరోస్. చీటీ తీస్తే వచ్చిన వాటా అని దాని అర్థం. పంచి ఇచ్చిన పొలం ముక్కను కూడా ఆ మాటతోనే పిలిచేవారు. అందుకే ఇక్కడ ‘వాటా’ అంటాను. ఆ రాశికి అధిపతి అయిన గ్రహాన్ని వాళ్లు ఓయికోడెస్పొటేస్ అనేవారు, అంటే అచ్చంగా ‘ఇంటి యజమాని’. పద్ధతి మొత్తం ఈ రెండు మాటల్లోనే ఉంది: వాటా ఎక్కడ పడిందో చూడాలి, దాని యజమానిని నిలదీయాలి.

వర్షఫలం (ఏడాది ఫలం చూసే తాజిక పద్ధతి) తెలిసినవారికి సహమాలు, అంటే ఇలాగే లెక్కకట్టే బిందువులు, పరిచయమే. పుణ్య సహమానికీ గ్రీకుల అదృష్ట వాటాకూ మూల సూత్రం ఒకటే. ఒక తేడా మాత్రం ఉంది, మూడో మెట్టులో చెబుతాను.

ఈ లెక్కలు ఫలిస్తాయా అనే వాదనలోకి నేను వెళ్లడం లేదు. వాళ్లు ఎలా చదివారో అలా చదవడం వరకే ఇక్కడి పని.

1. కూర్చునే ముందు

దగ్గర ఉంచుకోవాల్సినవి:

☐ పుట్టిన తేదీ, ఊరు, వీలైనంత కచ్చితమైన సమయం
☐ లగ్నం, ఏడు గ్రహాల స్ఫుటాలు (రాశి, డిగ్రీ)
☐ కాగితం, పెన్ను. మొదటి పది చక్రాలు చేత్తోనే చేయండి

లగ్నం సుమారు 4 నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది, వాటా కూడా దాదాపు అంతే కదులుతుంది. పుట్టిన సమయంలో పావుగంట తేడా ఉంటే వాటా దాదాపు నాలుగు డిగ్రీలు జరుగుతుంది. రాశి చివర పడిన వాటా అయితే యజమానే మారిపోతాడు.

తాతల కాలం జాతకం వేసేవాళ్లు ఇంకోటి గమనించాలి. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా యుద్ధకాలం పేరుతో మన గడియారాలు ఒక గంట ముందుకు నడిచాయి. విదేశాల్లో పుట్టిన పిల్లలకు వేసవి సమయం సంగతి చూసుకోవాలి.

సాయనమా (రాశులను విషువత్తు నుంచి లెక్కపెట్టేది), నిరయనమా (నక్షత్రాలను బట్టి లెక్కపెట్టేది) అన్నది ముందే తేల్చుకోండి. ఈ గ్రీకు పద్ధతి నేర్చుకునేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కువగా సాయనమే వాడుతున్నారు. మన పంచాంగ జాతకాలు నిరయనం. రెంటికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా ఉంది. ఏది ఎంచుకున్నా లగ్నం, గ్రహాలు అన్నీ అందులోనివే కావాలి. లగ్నం ఇంట్లో ఉన్న పాత జాతకం నుంచి, గ్రహాలు ఏదో యాప్ నుంచి తీసుకుంటే వచ్చేది ఎవరి జాతకమూ కాదు.

రాహుకేతువులను పక్కన పెట్టండి. యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో కూడా వద్దు. కుంభానికి యురేనస్ అధిపతి అని చూపే సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ సెట్టింగ్ మార్చేయండి. ఇక్కడ కుంభం శనిదే.

లెక్క కోసం నేను అల్లిన చక్రం ఇది. నిజమైన మనిషిది కాదు:

లగ్నం కన్య 10, సూర్యుడు వృశ్చికం 4, చంద్రుడు మిథునం 20, బుధుడు తుల 25, శుక్రుడు తుల 8, కుజుడు వృశ్చికం 22, గురుడు ధనుస్సు 11, శని సింహం 14.

2. పగలా, రాత్రా?

సూత్రం దీన్నిబట్టే మారుతుంది. మొదటి ఏడాది నేను తిన్న దెబ్బ ఇక్కడే. సాఫ్ట్‌వేర్ రాత్రి జాతకాలకూ పగటి సూత్రమే వేస్తోందని తెలియక, కట్టిన చక్రాల్లో సగం మళ్లీ కట్టాల్సి వచ్చింది.

డిగ్రీలను మేషం మొదలు నుంచి లెక్కపెట్టండి: మేషం 0, వృషభం 30, మిథునం 60, కర్కాటకం 90, సింహం 120, కన్య 150, తుల 180, వృశ్చికం 210, ధనుస్సు 240, మకరం 270, కుంభం 300, మీనం 330. దానికి గ్రహం ఆ రాశిలో ఉన్న డిగ్రీలు కలపాలి.

ఇప్పుడు సూర్యుడి అంకెలోంచి లగ్నాన్ని తీసేయండి. మైనస్ వస్తే 360 కలపండి. ఫలితం 180 కన్నా తక్కువైతే సూర్యుడు నేల కింద ఉన్నాడు, రాత్రి జాతకం. ఎక్కువైతే పగలు.

మన చక్రంలో 214 − 160 = 54. రాత్రి.

జవాబు 0కో 180కో అతి దగ్గరగా వస్తే సంధ్యవేళ జననం. టెన్షన్ పడకండి, రెండు సూత్రాలతోనూ వాటా కట్టి రెండూ రాసిపెట్టుకోండి. మనిషి జీవితంతో పోల్చాకే ఒకటి కొట్టేయాలి.

3. రెండు ముఖ్యమైన వాటాలు

అదృష్ట వాటా చంద్రుడిది. ఒళ్లు, ఆస్తి, మన ప్రమేయం లేకుండా మీద పడేవన్నీ దీని కిందికి వస్తాయి. దైమోన్ వాటా సూర్యుడిది. బుద్ధి, సంకల్పం, మనం పూనుకుని చేసే పని దీనివి.

పగలు:
అదృష్టం = లగ్నం + చంద్రుడు − సూర్యుడు
దైమోన్ = లగ్నం + సూర్యుడు − చంద్రుడు

రాత్రి ఈ రెండూ తారుమారవుతాయి.

పాత గ్రీకు జ్యోతిష రచయితల్లో టాలమీ అదృష్ట వాటాకు పగలూ రాత్రీ ఒకే సూత్రం వాడాడు. వెట్టియస్ వాలెన్స్, పౌలస్ అలెక్జాండ్రినస్ తిరగేస్తారు. నేను వీళ్ల దారినే పోతాను. ఎవరి దారి పట్టినా దాన్ని మధ్యలో వదలకండి.

మన చక్రం:
అదృష్టం = 160 + 214 − 80 = 294, అంటే మకరం 24
దైమోన్ = 160 + 80 − 214 = 26, అంటే మేషం 26

సరిచూసుకోడానికి రెండు ఉపాయాలు:

☐ రెండు వాటాల మొత్తం లగ్నానికి రెట్టింపు కావాలి (360 తేడా వస్తే ఫరవాలేదు). 294 + 26 = 320; 160 × 2 = 320. సరిపోయింది.
☐ అమావాస్య జననానికి అదృష్ట వాటా లగ్నం దగ్గర, పౌర్ణమి జననానికి ఏడో ఇంట పడాలి.

ఇక ముందు చెప్పిన తేడా. తాజిక పద్ధతిలో, తీసివేసే రెండు గ్రహాల మధ్య లగ్నం పడకపోతే సహమానికి ఒక రాశి, అంటే 30 డిగ్రీలు కలుపుతారు. గ్రీకు లెక్కలో ఈ కలపడం లేదు. వర్షఫలం అలవాటున్నవాళ్ల చేయి దానంతట అదే 30 కలిపేస్తుంది, జాగ్రత్త.

4. మిగతా వాటాలు, అవసరమైతేనే

పౌలస్ చెప్పిన ఐదింటికి పగటి సూత్రాలు ఇవి. రాత్రికి తీసివేత తిరగబడుతుంది.

శుక్రుడిది, ఎరోస్ (కోరిక, స్నేహం): లగ్నం + శుక్రుడు − దైమోన్
బుధుడిది, అనాంకే (తప్పనిసరి, కట్టుబాటు): లగ్నం + అదృష్టం − బుధుడు
కుజుడిది, తోల్మా (తెగువ): లగ్నం + అదృష్టం − కుజుడు
గురుడిది, నికే (గెలుపు): లగ్నం + గురుడు − దైమోన్
శనిది, నెమెసిస్ (దాచిన కర్మ, పతనం): లగ్నం + అదృష్టం − శని

తండ్రి వాటాకు పగలు లగ్నం + శని − సూర్యుడు. తల్లికి లగ్నం + చంద్రుడు − శుక్రుడు. వీటినీ రాత్రి తిరగేయాలి.

ఒకే పేరుతో రెండు సూత్రాలు ఉంటాయని మరవొద్దు. వాలెన్స్ ఎరోస్‌కు శుక్రుడినే వాడడు, అదృష్ట, దైమోన్ వాటాల మధ్య దూరం తీసుకుంటాడు. మన చక్రంలో పౌలస్ లెక్కన ఎరోస్ 160 + 26 − 188, అంటే మీనం 28. వాలెన్స్ లెక్కన 160 + 294 − 26, అంటే మిథునం 8. ఒకదానికి యజమాని గురుడు, రెండోదానికి బుధుడు. కాగితం మీద సూత్రం ఎవరిదో రాయకపోతే నెల తర్వాత మీకే అర్థం కాదు.

కొత్తవాళ్లు ఆరు నెలలు మొదటి రెండు వాటాలతోనే ఉండటం మేలు. పదిహేను వాటాలు కడితే ఏదో ఒకటి మనకు కావలసిన మాట చెప్పి తీరుతుంది. అది చదవడం కాదు, వెతుక్కోవడం.

5. ఒక్కో డిగ్రీకి ఎంతమంది యజమానులు?

ఒక్కరు కాదు. ప్రాధాన్య క్రమం ఇలా ఉంటుంది:

(అ) రాశ్యధిపతి. మనకు తెలిసినవాళ్లే, ఏ మార్పూ లేదు. అసలు యజమాని ఈయనే.

(ఆ) ఉచ్చ అధిపతి, అంటే ఆ రాశిలో ఎక్కువ బలం పొందే గ్రహం. రాశులు మనవే, కానీ డిగ్రీల్లో మూడు తేడాలున్నాయి: సూర్యుడికి మేషం 19 (మన దగ్గర 10), గురుడికి కర్కాటకం 15 (మన దగ్గర 5), శనికి తుల 21 (మన దగ్గర 20). చంద్రుడు వృషభం 3, కుజుడు మకరం 28, బుధుడు కన్య 15, శుక్రుడు మీనం 27, ఈ నాలుగూ ఒకటే.

(ఇ) త్రికోణ అధిపతులు. మూలత్రికోణంతో దీనికి సంబంధం లేదు. పగటివాడు, రాత్రివాడు, తోడుండేవాడు అని ముగ్గురు ఉంటారు:
అగ్ని (మేషం, సింహం, ధనుస్సు): సూర్యుడు, గురుడు, శని
భూమి (వృషభం, కన్య, మకరం): శుక్రుడు, చంద్రుడు, కుజుడు
వాయువు (మిథునం, తుల, కుంభం): శని, బుధుడు, గురుడు
జలం (కర్కాటకం, వృశ్చికం, మీనం): శుక్రుడు, కుజుడు, చంద్రుడు
రాత్రి జాతకంలో రెండో పేరు ముందుకొస్తుంది.

(ఈ) హద్దు అధిపతి. ప్రతి రాశినీ ఐదు గ్రహాలకు ఎగుడుదిగుడు ముక్కలుగా పంచారు. సూర్యచంద్రులకు ముక్క లేదు. ‘ఈజిప్టు హద్దులు’ అనే పట్టిక ఇది. అంకె అంటే ఆ డిగ్రీ దాకా అని:

మేషం: గురు 6, శుక్ర 12, బుధ 20, కుజ 25, శని 30
వృషభం: శుక్ర 8, బుధ 14, గురు 22, శని 27, కుజ 30
మిథునం: బుధ 6, గురు 12, శుక్ర 17, కుజ 24, శని 30
కర్కాటకం: కుజ 7, శుక్ర 13, బుధ 19, గురు 26, శని 30
సింహం: గురు 6, శుక్ర 11, శని 18, బుధ 24, కుజ 30
కన్య: బుధ 7, శుక్ర 17, గురు 21, కుజ 28, శని 30
తుల: శని 6, బుధ 14, గురు 21, శుక్ర 28, కుజ 30
వృశ్చికం: కుజ 7, శుక్ర 11, బుధ 19, గురు 24, శని 30
ధనుస్సు: గురు 12, శుక్ర 17, బుధ 21, శని 26, కుజ 30
మకరం: బుధ 7, గురు 14, శుక్ర 22, శని 26, కుజ 30
కుంభం: బుధ 7, శుక్ర 13, గురు 20, కుజ 25, శని 30
మీనం: శుక్ర 12, గురు 16, బుధ 19, కుజ 28, శని 30

నోట్సులోకి ఎక్కించుకున్నాక ఒక్కో గ్రహానికి వచ్చిన డిగ్రీలు కూడండి. శని 57, గురుడు 79, కుజుడు 66, శుక్రుడు 82, బుధుడు 76 రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు ఎక్కించారు.

6. యజమాని తన ఇంటిని చూస్తున్నాడా?

ఫలం సగం ఇక్కడే తేలిపోతుంది. మనవాళ్లు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే.

మన శాస్త్రంలో అందరికీ ఏడో చూపు ఉంది. కుజుడికి 4, 8, గురుడికి 5, 9, శనికి 3, 10 అదనం. దాన్ని కాసేపు మర్చిపోండి. గ్రీకు పద్ధతిలో ఏ గ్రహమైనా, తానున్న రాశిని ఒకటిగా లెక్కపెడితే, 3, 4, 5, 7, 9, 10, 11 రాశులను చూస్తుంది. 2, 6, 8, 12 రాశులను ఎవరూ చూడరు. లెక్క రాశి నుంచి రాశికి, డిగ్రీలతో పని లేదు.

చూడని యజమాని ఊళ్లో లేని యజమాని. ఆస్తి ఉంటుంది, పట్టించుకునే దిక్కుండదు. అప్పుడు తర్వాతి వరుసలో, అంటే ఉచ్చ, త్రికోణ, హద్దు అధిపతుల్లో, ఎవరు చూస్తున్నారో వెతకాలి. చూసేవాడే ఆ వాటాను నడిపిస్తాడు.

చూపుల్లోనూ తేడా ఉంది. 3, 5, 9, 11 చూపులు సఖ్యత. 4, 7, 10 పోటీ, ఒత్తిడి. వాటాకు పదో రాశిలో కూర్చున్న గ్రహం దానిపై పెత్తనం చేస్తుంది. అది శుభగ్రహమైతే (గురుడు, శుక్రుడు) అండ, పాపగ్రహమైతే (కుజుడు, శని) భారం.

7. యజమాని పరిస్థితి: ఐదు ప్రశ్నలు

☐ ఎవరి పక్షం? పగటి జట్టు సూర్యుడు, గురుడు, శని. రాత్రి జట్టు చంద్రుడు, శుక్రుడు, కుజుడు. బుధుడు సూర్యుడికన్నా ముందు ఉదయిస్తే పగటివాడు, సాయంత్రం కనిపిస్తే రాత్రివాడు. రాత్రి జాతకంలో కుజుడు మెత్తబడతాడు, శని కరుకెక్కుతాడు. పగలు దీనికి తలకిందులు.
☐ లగ్నం నుంచి ఎన్నో ఇల్లు? 1, 10, 7, 4, 11, 5 ఇళ్లలో ఉంటే పని జరుగుతుంది. 6, 12 కష్టస్థానాలు. 2, 8 లగ్నాన్ని చూడవు. రాశే ఇల్లు, భావసంధులతో (డిగ్రీలతో గీసే ఇళ్ల సరిహద్దులతో) పని లేదు.
☐ స్వక్షేత్రం (సొంత రాశి), ఉచ్చ, సొంత హద్దు ఉందా? లేక నీచలోనో (ఉచ్చకు ఎదురు రాశి), సొంతింటికి ఎదురింట్లోనో ఉన్నాడా?
☐ సూర్యుడికి 15 డిగ్రీల లోపల ఉండి కాంతిలో దాక్కున్నాడా?
☐ అతన్ని ఎవరు చూస్తున్నారు?

ఐదుకూ ఒక్కో ముక్కలో జవాబు రాయండి. మార్కులు వేసి కూడకండి. మూడు ప్లస్సులు, రెండు మైనస్సులు, కాబట్టి మంచిదే అనే లెక్క పాతవాళ్లు చెయ్యలేదు.

8. మన చక్రాన్ని చదివితే

అదృష్ట వాటా మకరం 24, లగ్నం నుంచి ఐదో ఇల్లు. గ్రీకులు ఆ ఇంటికే ‘మంచి అదృష్టం’ అని పేరు పెట్టారు. చోటు బ్రహ్మాండంగా ఉంది. ఇక్కడితో ఆగిపోయేవాళ్లు లక్షాధికారి జాతకం అనేస్తారు.

యజమాని శని సింహంలో ఉన్నాడు. అది మకరానికి ఎనిమిదో రాశి కాబట్టి తన ఇంటిని చూడడు. పైగా లగ్నానికి పన్నెండు, తన రెండో ఇల్లైన కుంభానికి ఎదురు, రాత్రి జాతకంలో పరపక్షం. ఒక్క ఊరట ఉంది: సింహం 14 శని హద్దే. పరాయి ఊళ్లో సొంత గది లాంటిది.

వాటా ఉన్న డిగ్రీకి హద్దు అధిపతి కూడా శనే, అక్కడా ఆసరా లేదు. త్రికోణంలో రాత్రివాడు చంద్రుడు మిథునంలో ఉన్నాడు, మకరానికి ఆరు. చూడడు.

మిగిలింది ఉచ్చ అధిపతి కుజుడు. వృశ్చికంలో స్వక్షేత్రం, రాత్రి జట్టు. సూర్యుడికి 18 డిగ్రీల దూరం, కాబట్టి దాక్కోలేదు. మకరాన్ని మూడో చూపుతో చూస్తున్నాడు. మన లెక్కలో కుజుడికి ఈ చూపు లేదు, ఇక్కడ ఉంది. అదృష్ట వాటాను లగ్నంగా పెట్టుకుంటే వృశ్చికం పదకొండో ఇల్లు. దాన్ని వాలెన్స్ ‘సంపాదన చోటు’ అన్నాడు. దీనికి తోడు శుక్రుడు తులలో స్వక్షేత్రంలో ఉండి, మకరానికి పదో రాశి నుంచి అండగా నిలిచాడు. త్రికోణ వరుసలో ఆయనా హక్కుదారే.

నేను రాసే వాక్యం ఇది: “పెద్దల నుంచి రావలసింది చేతికి సరిగా అందదు, దాన్ని చూడాల్సినవాళ్లు చూడరు. సొంత కష్టంతో, తోబుట్టువుల సాయంతో (కుజుడు మూడో ఇంట), ఆడవాళ్ల అండతో సంపాదన నిలబడుతుంది.”

దైమోన్ వాటా మేషం 26, లగ్నానికి ఎనిమిదో ఇల్లు, మందకొడి చోటు. యజమాని కుజుడు బలవంతుడే, కానీ వృశ్చికం నుంచి మేషం ఆరోది, చూపు లేదు. మేషం, వృశ్చికం రెండూ ఒకే యజమానివి కాబట్టి ఈ జంటకు లోపాయకారీ బంధం ఉందని పౌలస్ ఒప్పుకుంటాడు. నేను దాన్ని సగం బలంగానే తీసుకుంటాను. త్రికోణంలో రాత్రివాడు గురుడు ధనుస్సు నుంచి ఐదో చూపుతో మేషాన్ని చూస్తున్నాడు, స్వక్షేత్రం, కేంద్రం. శని కూడా సింహం నుంచి తొమ్మిదో చూపుతో చూస్తాడు. పని ఆలస్యంగా మొదలవుతుంది, అడ్డం పడేవాళ్లుంటారు, గురువో పెద్దవాడో చెయ్యి పట్టుకుని లాగుతాడు.

మేషం 26 రాశి చివరకు నాలుగు డిగ్రీల దూరం. పుట్టిన సమయం పావుగంట పైచిలుకు ఆలస్యమైతే దైమోన్ వృషభంలో పడుతుంది. ఈ పేరా అంతా కొట్టేసి శుక్రుడితో మళ్లీ మొదలుపెట్టాలి.

9. ఫలం తిరగబడితే ముందు వెతకాల్సినవి

ఏమీ సరిపోవడం లేదా? మొదట పగలు, రాత్రి తేల్చిన లెక్క చూడండి. తర్వాత సాయన, నిరయనాలు కలిశాయేమో చూడండి.

ఒకే గ్రహం రెండు వాటాలకూ యజమాని అయితే రెండింటికీ ఒకే వాక్యం రాయకండి. యజమాని ఒకడే అయినా ఒక ఇంటిని చూస్తూ, ఇంకోదాన్ని వదిలేసి ఉండొచ్చు.

వాటాలోనే శుభగ్రహం కూర్చుందని యజమానిని వదిలేయడం ఇంకో తప్పు. అతిథి మంచివాడైనా ఇల్లు అతనిది కాదు.

వాటా నుంచి వేరే గ్రహాలకు చూపులు గీయకండి. వాటాకు వెలుగు లేదు, అది ఎవరినీ చూడదు, గ్రహాలే దాన్ని చూస్తాయి.

10. ఎప్పుడు జరుగుతుంది?

వాలెన్స్ నాలుగో పుస్తకంలో ఇచ్చిన పద్ధతి పేరు అఫెసిస్. మన దశల్లాంటిదే గానీ నక్షత్రంతో కాక వాటాతో మొదలవుతుంది. ఒంటి సంగతికి అదృష్ట వాటా రాశి నుంచి, వృత్తికి దైమోన్ రాశి నుంచి వరుసగా నడపాలి. రాశుల ఏళ్లు: మేషం 15, వృషభం 8, మిథునం 20, కర్కాటకం 25, సింహం 19, కన్య 20, తుల 8, వృశ్చికం 15, ధనుస్సు 12, మకరం 27, కుంభం 30, మీనం 12. ఇక్కడ ఏడాదికి 360 రోజులే. 365 పెట్టి లెక్కేస్తే నడివయసుకు నెలల తేడా వస్తుంది.

మన చక్రంలో వృత్తికి మేషం 5,400 రోజులు, అంటే 14 ఏళ్ల 9 నెలల దాకా. వృషభం 22 ఏళ్ల 8 నెలల దాకా. మిథునం 42 ఏళ్ల 4 నెలలు దాటేదాకా. ఆ తర్వాత కర్కాటకం.

అదృష్ట వాటాకు 1, 4, 7, 10 రాశుల వంతు వచ్చినప్పుడు పని పైకి తేలుతుంది. మకరానికి కర్కాటకం ఏడోది, కాబట్టి 42 దాటాక చూడాల్సిన కాలం వస్తుంది. అప్పుడూ అదే ప్రశ్న వేయాలి: యజమాని చూస్తున్నాడా? చంద్రుడు మిథునంలో, కర్కాటకానికి పన్నెండు. చూడడు. ఉచ్చ అధిపతి గురుడు ధనుస్సులో, ఆరు. చూడడు. జల త్రికోణానికి రాత్రివాడు కుజుడు వృశ్చికంలో, ఐదు. చూస్తున్నాడు. మళ్లీ కుజుడి దగ్గరికే వచ్చాం.